ముందు పడవలో సన్నాయి డబ్బా

కూర్మన్నపాలెం,
2 మార్చి 2025.

జంగ్లీఘాట్ మహారాణి సూర్యకళమ్మ గారి సముఖానికి,

నీ ఒక్కగానొక్క అన్న సింహాద్రి చేతులు కట్టుకుని చేసుకుంటున్న మనవి. ఇక్కడ అందరం తింటున్నాం, తిట్టుకుంటున్నాం, కాబట్టి క్షేమం. అండమానులో మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను.

నా ఫోను ఎత్తనని నువ్వు ఒట్టు పెట్టుకుని ఏడాది కావస్తోంది. నేను చేసిన ఘోరం ఏమిటి? హార్బరు ఆఫీసరు గొంతు పెట్టి, రేపు తనిఖీ ఉంది, బోటుకి రంగు వేసి ఉంచమని బావకి ఒక్క ముక్క చెప్పాను. అర్జునరావు బావ నిజంగానే రంగు వేయించి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కొబ్బరి బొండాలు కొట్టించి పెట్టుకుని పొద్దుగూకేదాకా జెట్టీ మీద నిలబడితే అది నా తప్పా, ఆయన భక్తి తప్పా? "ఫోన్లో నువ్వు ఎవుడివైనా అయిపోతావు, సేతిరాతలో అయితే నువ్వే" అన్నావు. అందుకని రాస్తున్నాను. తొమ్మిదో తరగతితో ఆగిపోయిన చెయ్యి, తప్పులుంటే దిద్దుకో.

విషయం ఏమిటంటే, శ్రీరామ్మూర్తి బాబాయి పళ్ళు పోయాయి. పైవరస మొత్తం. డాక్టరు గులాబీ రంగు చిగుళ్ళతో చక్కగా పళ్ళ సెట్టు కట్టి ఇచ్చాడు. ఆ సెట్టుతో బాబాయి చేగోడీలు కొరుకుతున్నాడు, కోడలి మీద పళ్ళు కొరుకుతున్నాడు, సన్నాయి మాత్రం ఊదలేకపోతున్నాడు. మొన్న గాజువాకలో మన ఆర్కెస్ట్రా వాయించిన పెళ్ళిలో పట్టుబట్టి సన్నాయి పీక నోట్లో పెట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టి ఒక్క ఊదు ఊదేసరికి సన్నాయి ముందుకి, దానితో పాటు సెట్టూ ముందుకి. పెళ్ళికూతురు తలంబ్రాలు ఒగ్గేసి నవ్వింది. ఆ రోజు ఇంటికెళ్ళి సన్నాయిని పాత పంచెలో చుట్టి బీరువా మీద పెట్టేశాడు. నవ్వుతూనే రాస్తున్నాను గానీ, ఆ చుట్టడం చూసినప్పుడు నాకు నవ్వు రాలేదు.

జూన్లో వేట నిషేధం తీరే రోజు యారాడలో గంగమ్మ పండగ. అక్కడి నీళ్ళు తాగి మర్చిపోయి ఉంటావు, గుర్తు చేస్తాను. చిలకమ్మత్త ఘటం నెత్తిన పెట్టుకుని ముందు పడవ ఎక్కుతుంది. కెరటాలు దాటగానే సన్నాయి తెగకుండా జారుతూ ఒక పిలుపు పిలుస్తుంది. ఆ పిలుపుకి అత్త మీదికి అమ్మ వచ్చి "ఎల్లండి" అంటుంది. ఆ మాట పడ్డాకే ఊరి పడవలన్నీ తెల్లారి వేటకి దిగుతాయి. ఆ ముందు పడవలో మేళం చోటు మనది. నాన్న ఉన్నన్నాళ్ళూ డోలు కొట్టాడు, తర్వాత నేను కొడుతున్నాను. ఊళ్ళో మనకి ఇల్లు లేదు, వల లేదు, తెప్ప లేదు. కూర్మన్నపాలెం వచ్చేశాక యారాడలో మనకి మిగిలింది ఆ చెక్క మీద జానెడు చోటు.

కులపెద్ద అచ్యుతరామయ్య ఇప్పుడు ఏమంటున్నాడంటే, సన్నాయి లేకపోతే పిలుపు లేదు, పిలుపు లేకపోతే మేళం దండగ, మధురవాడ నుంచి డీజే బండి తెప్పించి ఒడ్డున పెడతాం, మీ చోట్లో మా అల్లుడు కూర్చుంటాడు అంటున్నాడు. చోటు ఒకసారి పోతే పోయినట్టే.

మన కీబోర్డులో సన్నాయి బటను ఉంది కదా అంటావు. ఉంది. నొక్కితే ప్లాస్టిక్ మేక అరిచినట్టు ఉంటుంది. పైగా కీబోర్డు గొంతు మెట్లు దిగినట్టు టకటకా దిగుతుంది, సన్నాయి తడి ఇసకలో జారినట్టు జారాలి. పోనీ అనుకున్నా, అంత పొడుగు వాయిద్యం, దానికో స్టాండు, దానికో కరెంటు వైరు. పడవలో అది ఎక్కితే అమ్మ దిగిపోవాలి. నాకు కావలసింది ఒళ్ళో పట్టే చిన్న అనలాగ్ సింథసైజరు. అంటే బటన్ల వెనక దాచిపెట్టిన గొంతు కాదు, లోపల కరెంటే కూత పెడుతుంది. మనం ఎటు లాగితే అటు జారుతుంది. బ్యాటరీ మీద నడుస్తుంది. గాజువాక నుంచి భీమిలి దాకా స్టేజీ ఎక్కే ప్రతివాడికీ అదే కావాలి, ఎవడి దగ్గరా లేదు. జగదాంబ దగ్గర ఒక షాపులో ధర అడిగితే, నా మొహం చూసి ముందు మంచినీళ్ళు ఇచ్చారు. ఆ ధరకి బావ బోటుకి ఇంజను వస్తుంది. చవకని ఆన్‌లైన్లో ఒకటి తెప్పించాను. అట్టపెట్టె విప్పి నొక్కితే "ఏ ఫర్ యాపిల్" అంది. మీ వదిన దేవి ఇంకా నవ్వుతూనే ఉంది.

మీ దగ్గర రిసార్టుల్లో బ్యాండ్లు ఉంటాయి కదా, ఎవరైనా పాతది అమ్ముతారేమో బావ చేత అడిగించు. రంగు సంగతి నేనే క్షమించేశానని చెప్పు.

నీ తిట్ల కోసం గుమ్మంలో కూర్చున్న
సింహాద్రి


పోర్టు బ్లెయిరు, జంగ్లీఘాట్,
20 మార్చి 2025.

నోరు తెరిస్తే నిజం పారిపోయే మా అన్నకి సూర్యకళ రాసేది,

ఉత్తరం అందింది. నేను చదివాను, మీ బావ చదివాడు, పక్కింటి వాళ్ళు కూడా విన్నారు, మేమెవ్వరం నమ్మలేదు.

శ్రీరామ్మూర్తి బాబాయి నూతిలో పడిపోయాడని చెప్పి నా పెళ్ళి చూపుల రోజు నన్ను ఏడిపించింది నువ్వే కదా? నేను ఏడ్చి ఏడ్చి కాటుకంతా కారిపోయి పెళ్ళివారి ముందు కూర్చుంటే, ఆ నూతిలో పడ్డవాడు వెనక గుమ్మంలోంచి వచ్చి పకోడీ అడిగాడు. ఇప్పుడు పళ్ళు పోయాయంటున్నావు. ఏమో, రేపు ఆయనే ఇక్కడ ఓడ దిగి చెరకు నములుతాడేమో నాకేం తెలుసు. ఇక నుంచి నువ్వు రాసే ప్రతి ఉత్తరం కింద వదిన సాక్షి సంతకం పెట్టాలి. వదిన అబద్ధం రాయదు, బద్ధకం.

మీ బావ మాత్రం ఎంత వెర్రివాడంటే, నువ్వు చెప్పావని ఒక రిసార్టుకి వెళ్ళి అడిగొచ్చాడు. అక్కడ గిటారు వాయించే అబ్బాయి మీ బావని పట్టుకుని, మీకు ఎక్కడైనా దొరికితే నాకు చెప్పండి అంకుల్, నేనూ రెండేళ్ళుగా వెతుకుతున్నాను, ఉన్నది కొనలేను, కొనగలిగింది మోయలేను అన్నాడట. కాబట్టి ఇక్కడా అదే కరువు. మీ బావ మీద జాలిపడి ఆ అబ్బాయి టీ ఇప్పించాడు.

ఒక్క మాట అన్నా. పళ్ళు అబద్ధమైనా, డీజే అబద్ధమైనా, ఆ చోటు పోతుందన్నది మాత్రం అబద్ధంగా కూడా రాయకు. నేను పుట్టింటికి వచ్చి ఒడ్డున నిలబడితే చూసుకునేది ఆ చోటునే. మిగతా ఆడపడుచులకి ఇళ్ళున్నాయి, వాకిళ్ళున్నాయి. నాకు నాన్న కూర్చున్న ఆ చెక్క ఉంది.

వదినకి నా ముద్దులు, నీకు మిగిలినవి,
సూర్యకళ


కూర్మన్నపాలెం,
6 ఏప్రిల్ 2025.

తిట్టడంలో డాక్టరేటు పుచ్చుకున్న చెల్లెలికి,

తిట్లు అందినవి, ఒక్కటీ దారిలో పోలేదు, పోస్టు వాళ్ళకి దండం. చెరకు సంగతి బాబాయికి చెప్పాను. "దాన్ని రమ్మను, సెట్టు తీసి సూపిత్తాను" అన్నాడు.

సింథసైజరు దొరికింది. దొరకడం కాదు, పుట్టింది. హిమబిందు అని ఒక అమ్మాయి ఉంది. విజయనగరం అవతల రైతుల పిల్ల, మధురవాడలో కంప్యూటరు ఉద్యోగం, సాయంత్రాలు స్నేహితులతో బ్యాండు. వాళ్ళ పాటలోకి సన్నాయి ముక్క కావాలట, ఎవరో చెబితే బాబాయిని వెతుక్కుంటూ బండేసుకుని వచ్చింది. బాబాయి పళ్ళు తీసి చూపించాడు. పాపం, హెల్మెట్ తియ్యకుండానే కూలబడింది. మాటల్లో తేలిందేమిటంటే, వాళ్ళకీ స్టేజీ మీదికి చిన్న అనలాగ్ పెట్టే కావాలి, కొనలేక విడి భాగాలు తెచ్చుకుని తనే అతుకుతోంది. ప్లాస్టిక్ డబ్బాలో పెడితే గుయ్యిమని తేనెటీగల రొద, లోహం డబ్బా కావాలి అంది. వంటింట్లోకి వెళ్ళి దేవి స్టీలు టిఫిను డబ్బా, చదరంది, పులిహోర ఒంపేసి పట్టుకొచ్చాను. రొద ఆగిపోయింది. దేవి రొద మొదలైంది.

ఆ డబ్బా ఇప్పుడు నా ఒళ్ళో పడుకుంటుంది. పక్కన ఒక సన్నటి పట్టీ, దాని మీద వేలు జరిపితే గొంతు జారుతుంది. రెండు నాబ్‌లు. ఒకటి గొంతుని పైకీ కిందకీ లాగుతుంది, రెండోదాన్ని మేం ముక్కు నాబ్ అంటాం, తిప్పితే జలుబు చేసిన సన్నాయి అవుతుంది. అయిన ఖర్చు బాబాయి పళ్ళ సెట్టు కంటే తక్కువ.

గొంతు వచ్చింది, విద్య రావాలి కదా. రోజూ సాయంత్రం బాబాయి పక్కన కూర్చుంటాడు. నోటితో అని చూపిస్తే గాలి పోతోంది, చెప్తే నాకు ఎక్కదు. చివరికి ఆయనే దారి కనిపెట్టాడు. నా కుడిచెవి పట్టుకుంటాడు. స్వరం పైకి వెళ్ళాలంటే చెవి పైకి లాగుతాడు, దించాలంటే కిందకి. ఎంత లాగితే అంత. నాకు డబ్బా నాబ్, ఆయనకి నా చెవి నాబ్. స్టీల్ ప్లాంటు క్యాంటీన్లో నాతో పనిచేసేవాళ్ళు చెవి ఎందుకు ఎర్రబడిందని అడిగితే, సంగీతం ఎక్కువైందని చెబుతున్నాను.

ఒకటే రోగం. ఎండ తగిలితే డబ్బా వేడెక్కి గొంతు దానంతట అదే పైకి పాకుతోంది. హిమబిందు చూస్తానంది.

ఇప్పుడు అసలు సరదా విను. పండగ రోజు డబ్బా, చిన్న స్పీకరు వలల కింద దాచేస్తాం. బాబాయి సన్నాయి పెదాలకి ఆనించుకుని ఉత్తినే బుగ్గలు పొంగిస్తాడు. ఒడ్డున ఎవడికి తెలుస్తుంది? అచ్యుతరామయ్య బాబాయికి దండం పెట్టి, పళ్ళు మళ్ళీ మొలిచాయా అని అడిగే రోజు తలుచుకుంటే నాకు నిద్ర రావడం లేదు.

నీ తెలివైన అన్న
సింహాద్రి

సూర్యకళా, పళ్ళ సంగతి నిజమే, నేను చూశాను. డబ్బా ఎప్పుడు తిరిగిస్తాడో అడుగు. దేవి.


పోర్టు బ్లెయిరు,
24 ఏప్రిల్ 2025.

సింహాద్రికి,

అన్న అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీ బావని వెర్రివాణ్ణి చేశావు, సరే, మనిషి. నన్ను ఏడిపించావు, సరే, చెల్లెల్ని. గంగమ్మతో పరాచికాలేమిటి? ఆ తల్లి మాట తీసుకుని సముద్రంలోకి వెళ్ళే వాళ్ళు ఊరంతా ఉన్నారు. దొంగ ఊదుడు ఊది, దొంగ పిలుపు పిలిచి, "ఎల్లండి" అనిపించుకుని, ఆ పడవల్లో ఒక్కదానికి ఏమన్నా అయితే నువ్వు మళ్ళీ యారాడ ఒడ్డున కాలు పెట్టగలవా? నాన్న డోలు కర్ర కింద పెట్టకుండా బతికిన మనిషి. ఆయన చోట్లో కూర్చుని ఇదా చెయ్యడం?

ఇంకొకటి. పళ్ళకి వదిన సాక్షి సంతకం పెట్టింది. బండి మీద వచ్చే గుంటకి పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? ఆ గుంట ఎవరు, మీ ఇంటికి ఎందుకొస్తుంది, వదిన పులిహోర ఎందుకు ఒంపేశావు? మీ బావ, పోనీలే అంటున్నాడు. ఆయన రంగు వేసిన బోటు మీద ఒట్టు, నేను పోనివ్వను.

ఎండకి నీ డబ్బా గొంతు పోతోందా? పోనీ చేపల గంప మీద కప్పినట్టు తడి గోనె కప్పు. చచ్చిన చేపకీ దొంగ సన్నాయికీ తేడా ఏముంది.

నేను చెయ్యాల్సింది చేసేశాను. చిలకమ్మత్తకి ఉన్నదున్నట్టు ఉత్తరం రాసి, ఈ ఉత్తరంతో పాటే పోస్టులో వేశాను. ఇక నువ్వూ, అత్తా, అమ్మా చూసుకోండి.

సూర్యకళ


కూర్మన్నపాలెం,
11 మే 2025.

కొంప ముంచిన చెల్లెలికి, మునిగిన అన్న గట్టెక్కి రాస్తున్నది,

అత్తకి అక్షరం ముక్క రాదని నీకు తెలుసు. మరి ఉత్తరం వస్తే చదవడానికి ఎవరిని పిలుస్తుందో ఆలోచించావా? నన్నే పిలిచింది.

యారాడ వెళ్ళాను. అత్త అరుగు మీద కూర్చుని చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. కవరు చింపి చూస్తే నీ రాత. మొదటి వాక్యంలోనే నన్ను నాలుగు జంతువులతో పోల్చావు. నేను గొంతు సవరించుకుని, సూర్యకళ మీ ఆరోగ్యం అడిగింది, అన్న రాత్రింబవళ్ళు కష్టపడుతున్నాడు, మీరే చల్లగా చూడాలి, మీ పాదాలకు దండాలు అని చదివేశాను.

అత్త చుట్ట తీసి పక్కన పెట్టింది. "సూరీ ఒక్క తిట్టు నేకుండా ఉత్తరం రాసినాదా? ఒరే, మల్లీ సదువు. ఈపాలి తిట్లతో సదువు."

చదివాను. నాలుగు జంతువులూ చదివాను. దొంగ ఊదుడు చదివాను, నాన్న డోలు కర్ర దగ్గర కొంచెం ఆగి చదివాను. అత్త చెయ్యి చాచింది. డబ్బా తెమ్మంది. సంచిలోనే ఉంది. అరుగు మీద పెట్టి ఆ పిలుపు వాయించాను. చెవి లాగడానికి బాబాయి లేడు కాబట్టి రెండు చోట్ల తప్పాను. ఊళ్ళో కుక్కలు లేచాయి. అత్త కళ్ళు మూసుకుని వింది.

"సన్నాయి కాదిది," అంది. "ఏడుపు మాత్రం నిజిం ఏడుపే. ఒరే, మూర్తి నోట్లో పీకెట్టి దొంగేసాలు ఎయ్యకు. డబ్బా నీ ఒల్లో ఎట్టుకో, ఊరందరికీ కనపడాల. గోనె కప్పొద్దు, గుడ్డ కప్పొద్దు. అమ్మ వత్తే వత్తాది. రాకపోతే సోటు ఒగ్గేసి దిగిపో, నాను అడ్డు రాను."

అచ్యుతరామయ్యకీ అదే మాట చెప్పి పంపింది. ఆయన ఒప్పుకున్నాడు, అమ్మ రాదని ధీమా. డీజే బండికి అడ్వాన్సు కూడా ఇచ్చేశాడట.

ఇప్పుడు నా అవస్థ విను. నీ చచ్చిన చేప మాట నిజంగానే పని చేసింది. తడి గోనె చుడితే డబ్బా గొంతు కదలకుండా నిలబడుతోంది, హిమబిందు నీకు థాంక్స్ చెప్పమంది. ఇప్పుడు అత్త ఆ గోనె వద్దంది. జూన్ ఎండ, నడి సముద్రం, స్టీలు డబ్బా. గొంతు ఎటు పాకుతుందో నాకు తెలీదు. నీ ఉత్తరం వల్ల నా దొంగ వేషం పోయింది, నీ గోనె కూడా పోయింది. అయినా కోపం లేదు. ఒక్కసారి వచ్చి ఒడ్డున నిలబడు చెల్లీ. ఓడిపోతే నన్ను తిట్టడానికి దగ్గర్లో ఎవరో ఒకరు ఉండాలి కదా.

సింహాద్రి

సూర్యకళా, ఆ పిల్ల వచ్చేది నా దగ్గర కూర్చుని చేపల పులుసు నేర్చుకోడానికి కూడా. మీ అన్నని అంకుల్ అంటుంది, ఆయనకి అదే పెద్ద శిక్ష. డబ్బా ఇంకా ఇవ్వలేదు. దేవి.


పోర్టు బ్లెయిరు,
28 మే 2025.

అన్నకి,

నువ్వు మళ్ళీ అన్నవయ్యావు, ఆ పిల్ల దగ్గర నా తరఫున క్షమాపణ చెప్పు. పులుసులో చింతపండు వదిన చెప్పినదానికంటే కొంచెం తగ్గించమను.

నేను రాలేను. ఓడ ఆ వారం లేదు, విమానం మా వల్ల కాదు, మీ బావకి వెన్ను పట్టేసింది. బోటుకి రంగు వేసినప్పటి నుంచే అంటాడు, నమ్మకు.

నేను రాసిన ఉత్తరం వల్లే నీ డబ్బా ఎండలో పడుతోందని తెలిసి ఆ రోజు అన్నం సయించలేదు. అయినా రాయకుండా ఉండాల్సింది అని మాత్రం అనను. దొంగగా గెలిచిన చోట్లో నాన్న కూర్చోడు. తెరిచి పెట్టి ఓడిపోయినా నేను ఊరుకుంటాను. నిజంగా ఊరుకుంటానో లేదో అప్పుడు చూద్దాం.

పండగ రోజు ఫోను మాత్రం చెయ్యకు. అమ్మ వచ్చిందని నువ్వు చెప్పినా నేను నమ్మను, రాలేదన్నా నమ్మను. మధ్యలో నలిగి చస్తాను. వదిన సంతకంతో రాయి. అప్పటిదాకా ఇక్కడి గంగమ్మకి రోజూ పసుపు నీళ్ళు పోస్తాను.

బాబాయిని చెవి గట్టిగా పట్టుకోమను.
సూర్యకళ


కూర్మన్నపాలెం,
16 జూన్ 2025.

ముందు పడవలో కూర్చుని వచ్చిన సూర్యకళకి,

అవును, నువ్వే. ఎలాగో చివర చెబుతాను. ముందే చివరికి వెళ్ళి చదివితే నీ మీద ఒట్టు.

ఎండ పెనం మీద నీళ్ళు చల్లినట్టు ఉంది. ఒడ్డంతా జనం. డీజే బండి కొబ్బరి చెట్ల కింద, డ్రమ్ములంతేసి స్పీకర్లు, దాని పక్కన అచ్యుతరామయ్య అల్లుడు కొత్త తెల్ల పంచెలో, ఏ క్షణానైనా నా చోట్లోకి దూకడానికి సిద్ధంగా. పడవలో తెడ్ల వాళ్ళు, ఘటంతో అత్త, డోలుతో మన ఆర్కెస్ట్రా మోహన్, నేను, నా వెనక బాబాయి. డబ్బా నా ఒళ్ళో, స్పీకరు కాళ్ళ దగ్గర. అత్త నా వైపు చూసింది. గోనె తీసి నీళ్ళలో పడేశాను.

పడవ నెడుతుంటేనే అచ్యుతరామయ్య నీళ్ళలోకి వచ్చి వంగి డబ్బాని ఎగాదిగా చూశాడు. "ఏట్రా, అమ్మకి క్యారేజీ పట్టుకెల్తన్నావా?" అన్నాడు. ఒడ్డంతా గొల్లుమంది. నేను తిరిగి ఏదో అనేవాణ్ణే, బాబాయి చెవి పట్టేశాడు. నోరు మూసుకున్నాను.

కెరటాలు దాటాం. మొదలెట్టాను. మొదటి లాగుడు బాగానే వచ్చింది. రెండోదానికి డబ్బా కాలడం తొడకి తెలిసింది. గొంతు పైకి పాకడం మొదలెట్టింది. ఒక స్వరం దగ్గర నిలబెడితే నిలబడదు, కొక్కెం తగిలిన చేపలా పైకి గుంజుకుంటోంది. నేను కిందకి లాగుతున్నాను, అది పైకి. బాబాయి నా చెవి మెలిపెట్టి కిందకి లాగాడు, నా తల డబ్బా మీదికి వంగిపోయింది. ఒడ్డున నవ్వు ఆ దూరానికి కూడా వినిపించింది. నలభై తొమ్మిదేళ్ళవాణ్ణి, ఊరందరి ముందు చెవి పట్టించుకుని. "ఒగ్గకు, ఒగ్గకురా సచ్చినోడా, అది పోతానంటాది, నువ్వు పోనీకు, లాగు" అని నా చెవిలో అరుస్తున్నాడు, సెట్టు ఎప్పుడో తీసి జేబులో పడేశాడు.

లాగాను. అది వెళ్ళిపోతానంటే నేను రమ్మన్నాను. అది తప్పించుకుంటే మళ్ళీ పట్టుకున్నాను. ఆ గుంజులాటలో ఆ గొంతు ఎలా అయిందంటే, చెల్లీ, నేను చెప్పలేను. గోనె కింద చల్లగా ఉన్నప్పుడు అది బుద్ధిగా పలికేది. ఇప్పుడు వెళ్ళిపోయేవాళ్ళని వెనక్కి పిలిచినట్టు పలికింది. ఒడ్డున నవ్వు ఎప్పుడు ఆగిందో నాకు తెలీదు. మోహన్ డోలు మీద చెయ్యి వేసింది తెలుసు. తలెత్తితే అత్త నిలబడి ఉంది. పడవ అంత ఊగుతున్నా ఘటం మీద రెండు చేతులూ లేవు. ఆ కళ్ళు అత్తవి కావు. తెడ్ల వాళ్ళు తెడ్లు ఎత్తేశారు.

"ఎల్లండి. అందరూ ఎల్లండి. మల్లీ అందరూ రండి."

ఎప్పుడూ "ఎల్లండి" ఒక్కటే అంటుంది. రమ్మనడం ఇదే మొదటిసారని ఊళ్ళో ముసలివాళ్ళంతా అంటున్నారు. నిన్న తెల్లారి పడవలన్నీ వెళ్ళాయి. అన్నీ తిరిగొచ్చాయి, పండుగప్ప చేపలతో.

ఒడ్డుకి రాగానే అచ్యుతరామయ్య మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చి ఒక్క మాటా అనకుండా డబ్బాకి పసుపు రాయడానికి వంగాడు. రాస్తూ ఆగిపోయాడు. మూత మీద చెక్కిన అక్షరాలు ఉన్నాయి. పైకి చదివాడు. "సూర్యకళ, అర్జునరావుల కానుక." మా గృహప్రవేశానికి నువ్వు పేరు చెక్కించి ఇచ్చిన డబ్బా అది. "మన డోలు సలమయ్య కూతురు కదూ," అన్నాడు. "అయితే పిల్ల కూడా ఎక్కినాది పడవ." అలా ఎక్కావు నువ్వు. దేవి పేరు గల డబ్బా తీసుకోవచ్చు, కావాలనే నీది తీసుకున్నాను. ఇది మాత్రం ఎవరినీ ఆటపట్టించడానికి కాదు.

చోటు మనదే. వచ్చే ఏడాదికి కూడా ఇప్పుడే పసుపు రాశారు. డీజే కుర్రాళ్ళు స్పీకర్లు కట్టేసుకుని అచ్యుతరామయ్య దగ్గరికి కాదు, హిమబిందు దగ్గరికి వెళ్ళారు, అలాంటి డబ్బా మాకొకటి కావాలని. గాజువాక, అనకాపల్లి, భీమిలి పార్టీలు కూడా అడుగుతున్నాయి. వీధిలో ఎవరింట్లోనూ స్టీలు టిఫిను డబ్బా మిగలడం లేదు. బాబాయి బీరువా మీద నుంచి సన్నాయి దించి తుడిచి గోడకి తగిలించాడు. "డబ్బా నీది, సన్నాయి నాదే" అంటున్నాడు. నేను కాదనను, చెవి ఆయనదే.

ఒక తప్పు చేశాను. నువ్వు వద్దన్నా మోహన్ ఫోను నుంచి నీకు కలిపించి డోలు తాళ్ళలో దోపాం. నువ్వు ఎత్తావట, ఏమీ అనలేదట, తర్వాత తెగిపోయింది. నేనేదో పాత క్యాసెట్టు పెట్టి ఆటపట్టించాననుకున్నావేమో అని రెండు రోజుల నుంచి తిండి సయించడం లేదు.

గెలిచి కూడా భయపడుతున్న
సింహాద్రి

సూర్యకళా, అంతా నిజమే. నేను ఒడ్డున ఏడ్చాను. తిండి సయించడం లేదన్నది ఒక్కటే అబద్ధం. దేవి.


పోర్టు బ్లెయిరు,
2 జూలై 2025.

ముందు పడవ మొనగాడైన మా అన్నకి, మీ బావ తరఫున, నా తరఫున, వీధి తరఫున,

తెలియని నంబరు నుంచి ఫోను వస్తే చేపల బేరం అనుకుని ఎత్తాను. ముందు సముద్రం వినిపించింది. తర్వాత సన్నాయి. బాబాయి పాత క్యాసెట్టు పెట్టావనుకున్నాను, తిట్టబోయాను. నోరు తెరిచానో లేదో, "ఒగ్గకురా సచ్చినోడా, లాగు" అని బాబాయి కేక వినిపించింది. క్యాసెట్టులో ఎవరూ ఎవరి చెవీ లాగరు. అప్పుడు నమ్మాను. ఫోను చెవికి పెట్టుకుని అలాగే చేపల బుట్టల మధ్య కూర్చుండిపోయాను. అత్త గొంతు వినిపించింది. "మల్లీ అందరూ రండి" అనడం విన్నాను. మీ బావ నా మొహం చూసి ఎవరో పోయారనుకుని లుంగీ కట్టుకోవడం మొదలెట్టాడు. ఎవరూ పోలేదయ్యా, రమ్మంటున్నారు అన్నాను. ఫోను తెగిపోలేదు, చేతులు పట్టు తప్పి చేపల నీళ్ళలో పడిపోయింది. తీసి ఎండబెట్టాం, బతికింది. నీ డబ్బా కంటే మొండిది.

పేరు సంగతి చదివాక మీ బావ ఊరంతా తిరిగి తనూ ముందు పడవ ఎక్కానని చెప్పుకుంటున్నాడు. ఆయన పేరు కూడా ఉంది కదా అంటాడు. వెన్ను కూడా తగ్గిపోయింది.

వదినకి కొత్త డబ్బా పంపుతున్నాను. ఈసారి పేరు చెక్కించలేదు, ఏ పండగకి ఎక్కడ తేలుతుందో తెలీదు.

ఇంకో సంగతి. ఇక్కడి మత్స్యకారుల గంగమ్మ పండగ వచ్చే నెల. సంఘం వాళ్ళకి నేను మాట ఇచ్చేశాను. ఈ నెల ఓడకి మూడు టిక్కెట్లు తీసుకున్నాం, నీకు, బాబాయికి, ఆ బండి పిల్లకి. రిసార్టు గిటారు అబ్బాయి అప్పుడే వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. ఇది పరాచికం అనుకుంటావని మీ బావ చేత సాక్షి సంతకం పెట్టిస్తున్నాను.

నీ ఫోను ఇక ఎత్తుతాను. కానీ ఏ గొంతుతో చేసినా ముందు ఒక్కసారి బాబాయి చేత చెవి లాగించుకో, అప్పుడు వచ్చే అరుపు నాకు గుర్తు.

ఓడ ఎక్కేటప్పుడు డబ్బా మర్చిపోయినా పరవాలేదు, స్టీలు ఇక్కడా దొరుకుతుంది. చెవి మాత్రం మర్చిపోకు.

నీ చెల్లెలు
సూర్యకళ

బావా, టిక్కెట్లు నిజమే. హార్బరులో నీ కోసం కొత్త చొక్కా తొడుక్కుని కొబ్బరి బొండాలతో నిలబడతాను. ఈసారైనా రా. అర్జునరావు.